తిరుత్తణి మెట్ల మీద డచ్చీ పష్తో

నేను హాలెండు చూసొచ్చాను. పెషావరుకు అవతల పఠాన్లుండే కొండలూ చూసొచ్చాను. రెంటికీ కలిపి బస్సు టికెట్టు రెండు రూపాయల చిల్లర అయింది. తిరువళ్లూరులో ఎక్కి తిరుత్తణిలో దిగాను. నవ్వేవాళ్లు నవ్వండి. ఓడలెక్కి పోయొచ్చిన పెద్దలు రాసే పుస్తకాల్లో మాత్రం ఏముంటుంది? అక్కడివాళ్లు ఏం తింటారు, ఎట్లా తిట్టుకుంటారు, ఒకటీ రెండూ మూడూ ఎట్లా లెక్కపెడతారు, అంతే కదా. అదంతా నాకు నాలుగు రోజుల్లో తెలిసిపోయింది. పాస్‌పోర్టు అడిగినవాడు లేడు.

నా చదువు సంగతి ముందే చెప్పేస్తాను, తర్వాత మోసం చేశాడనకుండా. ఆరో తరగతిలో లెక్కల అయ్యవారు నన్ను బయటికి పొమ్మన్నాడు. పెద్దల మాట జవదాటే అలవాటు నాకు లేదు. పోయినవాణ్ణి మళ్లీ లోపలికి రాలేదు. పుట్టింది పొదటూరుపేట నేతవాళ్లింట్లో, కాపురం ఆరణిలో. పెరియపాళెం పక్కనుండే ఆరణి ఇది; పట్టుచీరల ఆరణి వేరే. పెళ్లిచీర కోసం మా ఊరికొచ్చి, పొలాలూ గొర్రెలూ చూసి తెల్లబోయిన పెళ్లివారిని నేను కళ్లారా చూశాను. అక్క వాళ్లింట్లో నేసిన లుంగీలు మూట కట్టి ఊరూరా అమ్మడం నా పని.

తిరువళ్లూరు

బస్సు స్టాండు పక్కన ఒక టీ కొట్టుంది. టీ నలభై పైసలు, మసాలా వడ పావలా. మా ఆరణిలో వడకు చట్నీ అడిగితే పోస్తారు; ఇక్కడ అడక్కుండానే పోసి, వద్దంటే కోపం తెచ్చుకుంటారు. ఆ సోమవారం పొద్దున అక్కడి బెంచీ మీద ఖాన్ బాయ్ కూర్చుని ఉన్నాడు.

తిరువళ్లూరు నుంచి తిరుత్తణి దాకా ఖాన్ బాయ్‌ని ఎరగని వంటిల్లు లేదు. ఇంగువ అమ్ముతాడు. ఆరడుగుల మనిషి, గోరింట పెట్టిన గడ్డం. పదిహేడో ఏట అన్నతోపాటు ఈ దేశం వచ్చాడు, ఇప్పుడు యాభై దాటాయి. ఎప్పుడూ పదిమందిని నవ్వించే మనిషి, ఆ రోజు చేతిలో కొత్త కేసెట్టొకటి పెట్టుకుని దాన్ని చచ్చిన తేలును చూసినట్టు చూస్తున్నాడు.

"ఏం బాయ్, ఇంగువ మానేసి పాటలు అమ్మతాండావా?" అన్నాను.

"పాటలు కాదు రత్నం. నేను సచ్చిపోయినానంట."

"ఎవురు సెప్పింది?"

"మా అక్క."

వడ కింద పెట్టి విన్నాను. బాయ్‌కి చదువు లేదు. ఊరికి జాబులన్నీ ఆయన అన్నే రాసేవాడు. ఆ అన్న ఆరేళ్ల కిందట మద్రాసులో పోయాడు. అప్పటి నుంచి కిరాణా కొట్లో గుమాస్తా చేత ఉర్దూలో రాయించి పంపుతున్నాడు. అక్కడ కొండల్లో ఉన్న అక్క చేతిరాత మారిందని పసిగట్టింది. తమ్ముళ్లిద్దరూ పోయారు, తన ప్రాణం ఉసూరుమనకుండా ఎవరో పుణ్యాత్ముడు చిన్నవాడి పేరుతో జాబులు రాస్తున్నాడు అని తీర్మానించుకుంది. ఎవరెన్ని చెప్పినా వినలేదు. బొంబాయిలో ఉండే చిన్నాన్న కొడుకు ఊరికి పోతుంటాడు, ఆమె వాడితో అన్న మాటలు వాడు బాయ్‌కి జాబులో రాశాడు. "వాడి గొంతు తెచ్చి వినిపించు. మన బాసలో మాట్లాడాల. అప్పుడు నమ్ముతా. లేదంటే ఈ తూరి పెద్దోడికి పెట్టే అన్నదానంలో చిన్నోడి పేరూ కలిపేస్తా."

ఆ చిన్నాన్న కొడుకు పని మీద మద్రాసు వచ్చి ఉన్నాడు. గురువారం మధ్యాహ్నం బొంబాయి బండిలో తిరుత్తణి మీదుగా పోతాడు. అక్కడ బండి ఆగే రెండు నిమిషాల్లో కేసెట్టు అందించాలి. ఆ తర్వాత వాడు నేరుగా ఊరికి పోతాడు.

"మాట్లాడి ఇచ్చేదానికి ఏముంది బాయ్? రేడియో షాపులో టేపు బాడుగకిస్తారు కదా."

"తెచ్చినా. బటను నొక్కినా. నోరు తెరిస్తే అరవం వస్తాంది రత్నం! ఆరేండ్లయింది ఆ బాస మాట్లాడి. పెండ్లాంతో అరవం, నీతో తెలుగు, దేవుడితో అరబ్బీ. మా బాస ఎవురితో మాట్లాడేది? అన్నతోనే పూడ్చేసినా."

కింద పెట్టిన వడను ఆయన వైపు జరిపాను.

అప్పుడు పక్క బెంచీ నుంచి ఒక దొర లేచాడు. ఎండకు ముక్కు తోలూడిన దొర, భుజాన తోలు సంచీలో టేప్ రికార్డరు. పేరు హెండ్రిక్, హాలెండు మనిషి. పులికాటులో వాళ్ల పూర్వీకుల సమాధులు చూసి వస్తున్నాడు. కనబడిన భాషనల్లా నోటుబుక్కులో రాసుకోవడం అతనికి పిచ్చి. మద్రాసులో ఏడాది కూర్చుని అరవం నేర్చుకున్నాడు, తెలుగు వింటే అర్థమవుతుంది, కానీ మాట్లాడేది పుస్తకాల అరవం. తెలుగు చేసి రాస్తే ఇట్లా ఉంటుంది:

"అయ్యలారా, క్షమింపుడు. తమ సంభాషణము నా చెవిన బడినది. పష్తో భాషయు డచ్చి భాషయు దూరపు బంధువులని నేనెరుగుదును. నా వద్ద యంత్రము కలదు."

టీ పోసేవాడు గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

దొర ఉపాయం ఏమంటే, మనిషికి పోయిన భాష తిరిగి రావాలంటే దాన్ని ఎవరికైనా నేర్పాలి. రెండు భాషలూ రాని మొద్దు ఒకడు కావాలి. ఖాన్ బాయ్ పష్తో మాట చెప్పాలి, హెండ్రిక్ దానికి డచ్చి మాట చెప్పాలి, మొద్దు రెండూ పలకాలి. ఇద్దరూ కలిసి నా వైపు చూశారు. బడి మానేసిన ఇన్నేళ్లకు నన్ను వెతుక్కుంటూ ఇద్దరు అయ్యవార్లు వచ్చారు.

మొదటి పాఠం అక్కడే. అమ్మ డచ్చిలో మూదర్, పష్తోలో మోర్. అన్నదమ్ముడు బ్రూర్, వ్రోర్. పేరు నామ్, నూమ్. "ఇది మన నామమే కదా!" అన్నాను. దొర ఆనందానికి మేర లేదు. మనం పూజలో వాడే సంస్కృతం కూడా ఆ కుటుంబమేనట. "ఇల్లు వేరు, వంశము ఒక్కటి" అన్నాడు. మరి మన తెలుగు? ఆ ఇంటికి అరువు మాటల కోసం పోయొచ్చే పొరుగమ్మ. రెండు, మూడు అనే సొంత మాటలకు ఆ ఇంట్లో చుట్టాలెవరూ లేరు.

ఇద్దరికీ గొంతు గీకడం వచ్చు. డచ్చి 'ఖ' వింటే చేపముల్లు తగిలిందేమోనని వీపు నిమరబుద్ధవుతుంది. పష్తోలోనూ అదుంది, కానీ నాలిక మడిచి పలికే మన ట, డ, ణలు కూడా ఉన్నాయి. దొరకు అవి ప్రాణసంకటం. పొదటూరుపేట అనమంటే "పొదతూరుపేత" అన్నాడు. అరవంలో ఏడాది నలిగినా నాలిక మడత పడలేదు.

పాఠం అయ్యాక హెండ్రిక్ యంత్రం బయటికి తీసి బటను నొక్కాడు. ఖాన్ బాయ్ గడ్డం సవరించుకుని, గొంతు సవరించుకుని, "వణక్కం అక్కా" అన్నాడు. అంతే, తల పట్టుకుని కూలబడ్డాడు.

తిరుత్తణి బస్సు

మంగళవారం ముగ్గురం బస్సెక్కాం. కండక్టరు వచ్చి "యాడికి?" అన్నాడు. హెండ్రిక్ లేచి నిలబడి, "మేము మువ్వురము తిరుత్తణి చేరవలయును" అన్నాడు. కండక్టరు వెనక్కి తిరిగి డ్రైవరుతో, "అన్నా, ఎలక్షను వచ్చిందా?" అన్నాడు.

ఆ బస్సులోనే నాకు రెండు భాషల నడక అర్థమయింది. వాక్యమంటే బస్సనుకోండి. తెలుగులో పనిని చెప్పే మాట ఎప్పుడూ చివరి సీటులోనే కూర్చుంటుంది: నేను కాఫీ తాగాను. పష్తోలోనూ చివరి సీటే. 'నేను అలసిపోయి ఉన్నాను' అనడానికి "జ స్తడయ్ యమ్". 'జ' అంటే నేను, 'యమ్' అంటే ఉన్నాను, అది చివర. డచ్చిలో అదే మాట రెండో సీటు పట్టుకుంటుంది: "ఇక్ బెన్ మూ", నేను ఉన్నాను అలసి. సరే, అక్కడైనా స్థిరంగా ఉంటుందా? 'ఎందుకంటే' అనే పెద్దమనిషి ఎక్కాడో, గబుక్కున లేచి వెనక సీటుకు పోతుంది: "ఓమ్‌దాత్ ఇక్ మూ బెన్". ఎందుకంటే నేను అలసి ఉన్నాను. మన కొత్త అల్లుడు మామగారి ముందు కుర్చీ ఖాళీ చేసినట్టు.

"మీ బాసకు మర్యాద జాస్తి" అన్నాను దొరతో.

పష్తోకు వేరే పిచ్చి ఉంది. జరిగిపోయిన పని చెప్పేటప్పుడు, తిన్నవాడెవడని అడగదు. తిన్న వస్తువు ఆడదా మగదా అని అడుగుతుంది. రొట్టె ఆడది, కాబట్టి రొట్టె తిన్నది మీసాలున్న ఖానైనా ఆ పనిమాట ఆడవేషమే వేసుకోవాలి.

"అదెట్లా బాయ్? తినింది నువ్వు, పేరు రొట్టెకా?"

"తినేసినాక నేనేం గొప్ప రత్నం? రొట్టె పోయింది కదా, దానికి ఆ మాత్రం మర్యాద ఇయ్యద్దా?"

నవ్వాడు. ఆ రెండు రోజుల్లో అది మొదటి నవ్వు. హెండ్రిక్ నోటుబుక్కు నిండుతోంది. మాటలు అడిగితే బాయ్ చెబుతున్నాడు: నీళ్లు ఓబ, ఉప్పు మాల్గ, చెయ్యి లాస్. కానీ "ఇప్పుడు అక్కతో రెండు మాటలు మాట్లాడు" అంటే మొహం వాడిపోతుంది. మాటలన్నీ మూటలో ఉన్నాయి, మూట ముడి విడడం లేదు.

తిరుత్తణి కొండ

కొండకు మూడువందల అరవైయైదు మెట్లు, ఏడాదికి ఎన్ని రోజులో అన్ని. గుండ్లకు గంధం పూసుకుని దిగేవాళ్లు, కావడి భుజాన వేసుకుని ఎక్కేవాళ్లు. మేం లెక్కపెడుతూ ఎక్కాం, ముగ్గురం మూడు భాషల్లో, గట్టిగా.

ఏన్, ట్వే, ద్రీ అని దొర. యవ్, ద్వా, ద్రే అని బాయ్. ఒకటి, రెండు, మూడు అని నేను. ఐదు దగ్గర ఫైఫ్, పింజ. ఎనిమిది దగ్గర ఆఖ్త్, అత. మా వెనక ఎక్కుతున్న ఒక పంతులుగారు ఉండబట్టలేక, "పంచ! అష్ట!" అని కలిశారు. ఆయన గొంతు ఆ ఇద్దరి గొంతుల్లో చక్కగా అతికింది. నేనొక్కణ్ణే ఎవరి పెళ్లిలోనో మైకు పట్టుకున్న పరాయివాడిలా అయ్యాను.

ఇరవై దాటాక తమాషా. నేను "ఇరవై ఒకటి" అంటూ పెద్దదాన్ని ముందు అంటాను. దొర "ఏన్ ఎన్ ట్వింతిఖ్", అంటే ఒకటీ ఇరవై. బాయ్ కూడా "యవీష్త్", ఒకటి ముందు. హాలెండుకూ పెషావరుకూ మధ్య ఎన్ని సముద్రాలున్నాయో నాకు తెలియదు, ఇద్దరూ చిల్లర ముందు చెప్పి నోటు తర్వాత చెబుతారు. ఆ గందరగోళంలో డెబ్బై దగ్గర ముగ్గురికీ లెక్క తప్పింది. మళ్లీ కిందికి దిగి మొదలుపెడదామని దొర అన్నాడు. వాడికి పిచ్చే గాని మనిషి మంచివాడు, కూర్చోమంటే కూర్చున్నాడు.

కొండ మీద పులిహోర పొట్లం కొన్నాం. హెండ్రిక్ కళ్లు మూసుకుని "లెకర్!" అన్నాడు, అంటే రుచిగా ఉందని. ఖాన్ బాయ్ గుడి బయటి మంటపంలో కూర్చుని పొట్లం వాసన చూసి, "ఇది నా ఇంగువ కాదు" అన్నాడు. అయినా ఒక మెతుకు మిగల్చలేదు.

గాలి చల్లగా ఉంది, కింద ఊరు బొమ్మలా ఉంది, ఇక్కడే మాట్లాడేస్తానన్నాడు బాయ్. హెండ్రిక్ బటను నొక్కాడు. బాయ్ నోరు తెరిచాడు. కావడిగుంపు ఒకటి మంటపం పక్కనే "అరోహరా!" అని అరిచింది. దాని వెనకే లౌడుస్పీకరు ఒకటి మేలుకుంది.

"అరోహరా అంటే మా అక్కకు ఏమని సెప్పేది?" అన్నాడు బాయ్ దిగులుగా.

నాకు రోషం వచ్చింది. "బాయ్, రేపు మా అక్కింటికి పోదాం రా. పొదటూరుపేటలో మా వీధంత నిమ్మళంగా ఉండేది ఈ జిల్లాలో ఇంకోటి లేదు. ఈగ వాలినా వినపడతాది" అన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగా అన్నాను. అందుకే ఇంకా సిగ్గుగా ఉంటుంది.

పొదటూరుపేట

బుధవారం మధ్యాహ్నం మంగమ్మ అక్క మమ్మల్ని చూసి తలుపు దగ్గరే నిలేసింది. "ఒరే రత్నం, లుంగీలు ఎత్తుకుపోయేదానికి వస్తావనుకుంటే దొరను ఎత్తుకొచ్చినావా?"

రాగిసంకటి, చింతాకు పప్పు పెట్టింది. హెండ్రిక్ చేతులు కడుక్కుని, "మేము భుజింతుము" అన్నాడు. అక్క మొహం చిన్నబోయింది. మనతో కూర్చుని తినేవాళ్లు 'మనం తిందాం' అంటారు గాని, పక్కవాళ్లను వదిలేసి 'మేం తింటాం' అంటారా? తప్పు దొరది కాదు. డచ్చిలో మనం, మేం రెంటికీ ఒకటే మాట, 'వై'. పష్తోలోనూ ఒకటే, 'మూంగ్'. ఇంటివాళ్లు కలిశారా లేదా అన్నది మాటలో తేలదు, విస్తరి దగ్గర తేలుతుంది. నేను అదంతా విడమర్చి చెప్పాక అక్క, "పాపం, ఒకే మాటతో కాపరం ఎట్లా సేస్తారో" అని సంకటి ఇంకో ముద్ద వేసింది.

ఖాన్ బాయ్ మగ్గం గుంటలో కూర్చున్న దొరసామి బావను చూసి, "స్తడయ్ మ షే" అన్నాడు. అలసిపోకుండా ఉండు అని. వాళ్ల ఊళ్లో పనిలో ఉన్నవాణ్ణి పలకరించే తీరు అదేనట. బావకు ఆ పలకరింపు తెగ నచ్చింది. "నలభై ఏండ్లుగా ఈ గుంటలో కూసోనుండా. 'గుడ్డ అయ్యిందా' అనేవోడే గాని, 'అలిసిపోవాకు' అన్నోడు ఒక్కడు లేడు. ఈ బాస మంచిది బామ్మర్దీ, నేర్సుకో."

పడసాలలో చాప పరిచాం. హెండ్రిక్ యంత్రం పెట్టి, అటూ ఇటూ చూసి, "ఇచ్చట శబ్దము మిక్కుటముగా నున్నది" అన్నాడు.

"ఏం శబ్దం?" అన్నాను నేను.

"ఏం శబ్దం?" అన్నాడు బావ.

ముప్పై ఏళ్లు ఆ వీధిలో ఇంగువ అమ్మిన ఖాన్ బాయ్ కూడా చెవి ఒగ్గి విని, "శబ్దమేం లేదే దొరా" అన్నాడు.

ముగ్గురం ఒకే మాట మీద ఉన్నాం కాబట్టి దొర తగ్గాడు. బాయ్ కళ్లు మూసుకుని పావుగంట ఏదో గొణిగాడు. అయ్యాక వెనక్కి తిప్పి విన్నాం. యంత్రంలోంచి బాయ్ రాలేదు. మగ్గాలొచ్చాయి. టకటక టకటక, పోగు పట్టుకుని అటూ ఇటూ ఉరికే నాడెలతో వీధిలో ఉన్న నలభై మగ్గాలూ ఒక్కసారిగా. మగ్గాల మధ్య పుట్టినవాడికి ఆ చప్పుడు చెవిలో పడదు, మన ఊపిరి మనకు వినబడనట్టే. డబ్బాలోంచి వచ్చేసరికి మాకు మొదటిసారి వినబడింది.

బావ చెవి యంత్రానికి ఆనించాడు. "ఇది ఎదురింటి మునసామి మగ్గం. నాడె తగులుతాంది సూడు, రేపు సెప్పాల వాడికి. ఇది మనదే. అబ్బా, ఎంత బాగా మాట్లాడతాంది!"

"నేను యాడున్నా?" అన్నాడు బాయ్.

ఎక్కడా లేడు. తెల్లారితే గురువారం. బాయ్ మొహం చూసి అక్క తీర్పు చెప్పింది: "పొద్దున అరగంట వీధంతా మగ్గాలు నిలపమని అడగండి. బతికుండానని సెప్పుకునేదానికి ఒక మనిషి ఇంత దూరం వస్తే అరగంట ఇయ్యలేమా?"

బావ ఇంటింటికీ తిరిగాడు. అందరూ సరే అన్నారు. ఒకాయన మాత్రం, "బాయ్ పాట పాడతాడంటే గంట నిలిపేస్తా" అన్నాడట.

గురువారం పొద్దున తొమ్మిదికి మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. నేను పుట్టి పెరిగిన వీధిలో అంత నిశ్శబ్దం ఎన్నాళ్లకో విన్నాను. కాకి రెక్క చప్పుడు కూడా వినబడింది. అక్క ఇంట్లో ఉన్న ఒకే ఒక కుర్చీ తెచ్చి వాకిట్లో వేసి, శుభ్రంగా ఉండాలని కొత్త తెల్లపంచె పరిచి, బాయ్‌ని కూర్చోబెట్టింది. బాయ్ చేతులు ఒళ్లో పెట్టుకుని, మాటలు కూడబలుక్కోవడానికి కళ్లు మూసుకున్నాడు. చుట్టూ మగవాళ్లు తలలు వంచుకుని ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. హెండ్రిక్ బటను నొక్కాడు. ఎర్ర దీపం వెలిగింది.

మేమెవరమూ ఆలోచించని సంగతి ఒకటుంది. మా నేతవీధుల్లో పండగ కాని రోజు మగ్గాలన్నీ ఒక్కసారి ఆగేది ఒక్కదానికే. ఎవరైనా పోతే. శవం లేచేదాకా ఎవడూ నాడె ముట్టడు. పై వీధివాళ్లకు కబురు చెప్పే పని ఉండదు, చప్పుడు ఆగితే అదే కబురు. పోయినవాడు పెద్దమనిషైతే వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టడమూ మా పక్క ఆచారమే.

పై వీధి నుంచి కుప్పమ్మ అవ్వ వచ్చింది. శోకం పెట్టడంలో ఆమెను మించినవాళ్లు పళ్లిపట్టు దాకా లేరు. సందు మలుపులోనే కొంగు నడుముకు బిగించింది, వాకిట్లో కుర్చీ చూసింది, తెల్లపంచె చూసింది, కళ్లు మూసుకున్న బాయ్‌ని చూసింది. ఇంక అడిగేదేముంది? గుండెలు బాదుకుంటూ ఆయన కాళ్ల దగ్గర కూలబడింది.

"అయ్యో నా మారాజా! మూత తీస్తే వీధంతా గుప్పుమనే ఇంగువ మూటా! మిరియాల సారు కాసిన పొద్దంతా నిన్నే తలుస్తానే! ఆకరి పొట్లం అరువు పెట్టి పోయినావే, నీకు యాడికొచ్చి ఇచ్చేదిరా కొడకా!"

ఆమె వెనక మరో పదిమంది ఆడవాళ్లు. ఏడుపు ఏడుపును పిలిచింది. మేం నోటికి తుండుగుడ్డలు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాం, ఆమెను ఆపేవాడు లేడు.

బాయ్ కళ్లు తెరిచాడు. ముందు బిత్తరపోయాడు. తర్వాత చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఒక్క ఉదుటున కుర్చీలోంచి లేచాడు, ఆరడుగులూ.

"జ జ్వందయ్ యమ్!"

అవ్వ వెల్లకిలా పడింది. బాయ్ ఆగలేదు. అది అరవం కాదు, తెలుగు కాదు. ఆరేళ్లు మూటలో ఉన్నదంతా ముడి తెగి వాకిట్లో పడింది. చేతులూపాడు, ఆకాశాన్ని తిట్టాడు, అవ్వను తిట్టాడు, ఎందుకో నన్నూ తిట్టాడు, మధ్యలో నవ్వాడు, నవ్వుతూనే తిట్టాడు. నాకు తెలిసింది ఆ మొదటి ముక్కలో మొదలూ చివరా మాత్రమే, బస్సులో నేర్చుకున్నవి: 'జ', 'యమ్'. నేను, ఉన్నాను. నడిమి మాట ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఊపిరి కోసం బాయ్ ఆగినప్పుడు హెండ్రిక్ మెల్లిగా, "యంత్రము నడుచుచునే యున్నది" అన్నాడు.

అందరం చుట్టూ చేరి విన్నాం. ముందు అవ్వ శోకం, ఆ వెంట బాయ్ ఉరుము. హెండ్రిక్ తల అడ్డంగా ఊపాడు. బతికున్నానని పంపే కేసెట్టులో చావు ఏడుపా? ఏడుపుకు ఏ దేశంలోనూ అర్థం చెప్పాల్సిన పని లేదు. చెరిపేసి, అవ్వను పంపేసి, మళ్లీ మొదలుపెడదాం, బస్సుకు ఇంకా గంటుంది. అతని వేలు బటను మీదికి పోయింది.

బాయ్ ఆ వేలు పట్టుకున్నాడు.

"వద్దు దొరా. మళ్లీ కూసుంటే మళ్లీ సల్లగా, జాబు సదివినట్టు మాట్లాడతా. గుమాస్తా రాసినట్టే ఉంటాది. ఇది మా నాయన తిట్టే తిట్టు. అక్కా నేనూ సిన్నప్పుడు గోడెనక నక్కి ఇనేది. తన పీనుగ కాడ ఏడిసేవాళ్లను నిలబడి తిట్టినోడు సచ్చినోడెట్లా అవుతాడు?"

కుప్పమ్మ అవ్వ కొంగు దులుపుకుంటూ లేచింది. "నా ఏడుపు కూడా పోతాందా ఆ దేశానికి? ముందే సెప్పుంటే ఇంకా బాగా ఏడిసుందును కదరా!"

తిరుత్తణి స్టేషను

ప్లాట్‌ఫారం మీద వేడి వేరుశనగలు, పావలాకు దోసెడు పొట్లం. బండి కోసం చూస్తూ రెండు భాషల మీద నా తీర్పు అడిగాడు హెండ్రిక్. చెప్పాను. నేర్చుకోవాలనే ఉబలాటమున్న తెలుగువాళ్లు వినండి. నాలిక పష్తోకు దగ్గర, ట, డలు ఉచితంగా వస్తాయి, పనిమాట మన చివరి సీటులోనే ఉంటుంది. కాని రొట్టె ఆడదా మగదా అని తినే ముందే విచారించుకోవాలి, రాత కుడి నుంచి ఎడమకు పోతుంది. డచ్చికి బడిలో చదివిన ఇంగ్లీషు సాయం వస్తుంది, నాకు అది కూడా లేదు. దాని వాక్యంలో మాటలు కుర్చీలాట ఆడతాయి, ఆట అర్థమయ్యేదాకా నిలబడే ఉండాలి. దేనికైనా గొంతు గీకడానికి సిద్ధపడండి. పక్కన గ్లాసెడు నీళ్లు పెట్టుకోండి.

బండి వచ్చింది. తలుపు దగ్గర ఎర్రటి పొడుగు మనిషి చెయ్యి చాపి నిలబడ్డాడు. బాయ్ కేసెట్టు ఇచ్చాడు, ఇచ్చి వదలలేదు. ఇద్దరూ దాన్ని చెరొక వైపు పట్టుకుని పష్తోలో గడగడా మాట్లాడుకుంటూ ఉండగానే బండి కదిలింది. బాయ్ దాని పక్కన పరుగెత్తాడు, ప్లాట్‌ఫారం చివరి దాకా, మాట్లాడుతూనే. వెనక్కి వచ్చి రొప్పుతూ బెంచీ మీద కూర్చున్నాడు.

"జ స్తడయ్ యమ్" అన్నాను నేను, ఆయన తరఫున.

మళ్లీ తిరువళ్లూరు

హెండ్రిక్ ఆ వారమే వాళ్ల దేశం వెళ్లిపోయాడు. నేను లుంగీల మూటతో ఆరణి చేరాను. నాలుగు నెలలకు ఖాన్ బాయ్ మనిషిని పంపించాడు, వెంటనే రమ్మని.

బాయ్ బాడుగకు తెచ్చిన టేపును టీ కొట్టు బెంచీ మీద పెట్టి ఉన్నాడు. లోపల బొంబాయి నుంచి వచ్చిన కేసెట్టు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బటను నొక్కాడు. ఒక ముసలామె గొంతు. సన్నగా మొదలై చూస్తుండగానే పెద్దదయింది. ఆపకుండా, ఊపిరి తీసుకోకుండా, పావుగంట. నాకు 'వ్రోర్' ఒక్కటే దొరికింది, అది కూడా నాలుగైదు సార్లు. బాయ్ కళ్లనీళ్లు గడ్డంలోకి కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. టీ రెండుసార్లు చల్లారింది.

"ఏమంటాంది బాయ్?" అన్నాను.

"తిడతాంది రత్నం" అన్నాడు. కేసెట్టును మళ్లీ మొదటికి తిప్పాడు.